బొమ్మలో లేని దాక

నాలుగేళ్ళ పిల్లకి అబద్ధం నేర్పొచ్చా?

ఎవర్నడిగినా నేర్పకూడదనే అంటారు. నీతి పుస్తకాల్లో మొదటి పాఠమే అది. కానీ మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో పుట్టి బడి మొహం చూసిన పిల్లల్లో చాలామందికి తల్లి చెప్పిన మొదటి జాగ్రత్త ఒక అబద్ధమే. "బళ్ళో ఎవరన్నా ఏం కూర తిన్నావని అడిగితే పప్పని చెప్పు." మా అమ్మ నాకు చెప్పింది. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పే అవసరం రాలేదు, ఎందుకంటే మా అమ్మని ఎవరూ బడికి పంపలేదు. అంటే ఈ అబద్ధం మా ఇంట్లోకి చదువుతోపాటే వచ్చింది. పలకతోపాటు, బలపంతోపాటు దీన్ని కూడా సంచిలో పెట్టి పంపింది మా అమ్మ.

మా అమ్మ అబద్ధాలకోరు కాదు. అరువు తెచ్చిన గిద్దెడు ఉప్పు కూడా గుర్తుపెట్టుకుని తిరిగిచ్చే మనిషి. అట్లాంటి మనిషి చేత పసిపిల్లకి అబద్ధం నేర్పించింది ఎవరు? నీతిశాస్త్రం రాసినవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోలేదు. అబద్ధం చెప్పిన నోరునే చూశారు గానీ, ఆ నోటికి నిజం చెప్పే చోటు ఉందా అని చూడలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ముప్ఫై ఏళ్ళు దాటింది. దేశంలో ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, నేను చేరింది 1992లో. రిజిస్టర్లూ తూకాలూ పక్కనబెడితే నా పని రెండే ముక్కలు. ఆరేళ్ళ లోపు పిల్లలకి బొమ్మలు చూపించడం, అన్నం పెట్టించడం. చాలామందికి ఇది పనికిందే లెక్క కాదు. పెద్ద సభల్లో మనవాళ్ళు మాట్లాడేటప్పుడు కూడా చదువంటే యూనివర్సిటీ, తిండంటే కూలి రేట్లు. అవి ముఖ్యమే, కాదన్ను. కానీ ఈ లోకం ఎవరిదో, అందులో తన చోటెక్కడో పిల్లకి తెలిసిపోయేది అక్షరాలు రాకముందే. బొమ్మలోనూ పళ్ళెంలోనూ తెలిసిపోద్ది. అందుకే ఈ రెండిటి గురించే రాస్తున్నాను.

ముందు బొమ్మ సంగతి చెప్తాను.

మా సెంటర్ గోడకి ఏ ఏడాదైనా ఒక చార్టు ఉంటది. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఆవు పాలిస్తుంది. చెప్పండర్రా అంటే ముప్ఫై గొంతులు ఒక్కసారే "పాలిస్తుందీ" అంటయ్యి. నిజమే, ఇస్తుంది. కానీ ఎవరికిస్తుంది? నా చిన్నప్పుడు మా ఊళ్ళో పాలు పెద్ద వీధులకిచ్చింది. మా పల్లెకి పేడనిచ్చింది, ఎత్తిపోయడానికి. చచ్చాక మాదిగ గూడేనికి తోలిచ్చింది. ఆ తోలుతో ఊరందరికీ చెప్పులు కుట్టారు, డప్పు మూశారు. మాకూ వాళ్ళకూ మాంసమిచ్చింది. ఒకే ఆవు. చార్టులో ఉన్నది అబద్ధమా అంటే కాదు. సగం నిజం. ఏ సగం చెప్పాలో ఎవరు తేల్చారన్నదే అడగాల్సింది.

ఇంకో బొమ్మ, వంటిల్లు. అమ్మ వంట చేస్తా ఉంటది. మొహం తెల్లగా, చీర మడత నలక్కుండా, గట్టు మీద గ్యాసు పొయ్యి, వెనక అరల్లో మెరిసే స్టీలు డబ్బాలు. పక్కన బుట్టలో వంకాయలు, బెండకాయలు, కారెట్లు. మా అమ్మ నాట్లనించి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. కాళ్ళ బురద ఆరకముందే పొయ్యి అంటించేది. గుడిసె పక్కన తాటాకు పంచ కింద మూడు రాళ్ళు, వాటిమీద అన్నం కుండ. కుండ దించాక కూర దాక. ఆ దాక మూతికి చిన్న పెచ్చు ఊడిపోయి ఉండేది. ఎసరు చూడాలన్నా, ఉప్పు వెయ్యాలన్నా మా అమ్మ ఆ పెచ్చు ఊడిన వైపే తనకేసి తిప్పుకునేది, మాకు గీసుకుపోకుండా. నాకు ఇప్పటికీ వంట అంటే ఆ దాకే. అ అంటే అమ్మ అని నేర్చుకున్నప్పుడు ఆ బొమ్మలో మా అమ్మని వెతుక్కున్నాను. దాకనీ వెతుక్కున్నాను. రెండూ లేవు. పిల్లలు వెతికితే దొరకని దాన్ని లేదనుకోరు, ఉండకూడనిదనుకుంటారు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్తున్నది కాదు, ముప్ఫై ఏళ్ళ పిల్లల మొహాలు చూసి చెప్తున్నది.

ఆ పొయ్యి దగ్గర మాకు చాలా చదువు జరిగింది. ఎండు రొయ్యల తలలు తుంచడం నా పని. చింతచిగురు నలిపి ఈనెలు ఏరడం మా చెల్లెలి పని. నత్తలు ఉడికాక తుమ్మముల్లుతో గుల్లలోంచి లాగాలి. లాగినవి లెక్కపెట్టి పంచాలి. మనిషికి పన్నెండు వచ్చిన రోజు పండగ. నాకు లెక్కలు నత్తల దగ్గర వచ్చినయ్యి, బళ్ళో కాదు. కోతలయ్యాక చేలో పరిగె ఏరి తెచ్చిన వడ్లు దంచుతుంటే, ఒక గంప వెన్నులకి ఎన్ని గింజలో, ఎన్ని గింజలకి ఎంత అన్నమో కంటితోనే చెప్పేది మా నాయనమ్మ. ఇదంతా అందమైన బతుకని చెప్పడం నా ఉద్దేశం కాదు. నత్తలు ఇష్టంకొద్దీ తినలేదు, ఇంకేమీ లేక తిన్నాం. తిన్నాక ఇష్టమైనయ్యి. ఆకలిని రంగుల్లో వేసి గోడకి తగిలించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఆకలిలోనే మా తల్లులు పిల్లల చేతికి పనీ, పనిలో తెలివీ పెట్టారన్నది కూడా అంతే నిజం.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దకూర. ఎక్కువ దొరికితే ఉప్పు, పసుపు పట్టించి తునకలు దండెం మీద ఎండేసేవాళ్ళు. కర్ర పట్టుకుని కాకుల్ని తోలడం చిన్నపిల్లల ఉద్యోగం. 1971లో జనాభా లెక్కలకి బడి పంతులుగారు మా పల్లెలోకి వచ్చారు. నాకప్పుడు ఐదేళ్ళు. పంతులుగారు మలుపు తిరగడం చూసి మా నాయనమ్మ గబగబా దండెం మీద పాతచీర కప్పింది. నన్ను కర్ర పారెయ్యమంది. ఆయన పేర్లు రాసుకుని వెళ్ళిపోయాడు, ఏమీ అనలేదు. నాకు ఎవరూ ఏమీ వివరించలేదు కూడా. కానీ ఆ చీర చూశాక, మేం తినేది ఎండకి పెట్టొచ్చు గానీ కంటికి పెట్టకూడదని నాకు అర్థమైపోయింది. మా అమ్మ "పప్పని చెప్పు" అనకముందే సగం పాఠం అయిపోయింది.

మాకు బొమ్మలే లేవని అనను. మూడు చోట్ల నుంచి వచ్చినయ్యి.

మొదటిది సండే స్కూలు. విదేశాల నుంచి వచ్చిన రంగు కార్డులు ఇచ్చేవాళ్ళు. నా దగ్గర అయిదు రొట్టెలు, రెండు చేపలు ఉన్న కార్డు ఉండేది. ఒక కుర్రాడు బుట్ట పట్టుకుని నిలబడి ఉంటాడు. దాన్ని తెచ్చి మా నాయనమ్మకి చూపిస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇయ్యి పచ్చి చేపలా, ఎండు చేపలా?" అని అడిగింది. పచ్చివైతే కొండమీద పొయ్యి ఎక్కడిదని ఆమె అనుమానం. ఇప్పటిదాకా ఆ కథకి అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు. పుస్తకంలో ఉన్న తిండి గురించి మా ఇంట్లో ఒక మనిషి వంట తెలిసిన అధికారంతో మాట్లాడటం నాకు తెలిసి అదే మొదలు.

రెండోది చందమామ. 1947 జూలైలో మద్రాసులో మొదలైన పత్రిక. మాకు ఊళ్ళోంచి అట్టలు చిరిగినవి వచ్చేవి. బొమ్మలు కళ్ళు తిప్పుకోనిచ్చేవి కావు. రాజులు, మంత్రులు, వర్తకులు, బేతాళుడు. బీదవాళ్ళూ ఉండేవాళ్ళు, కానీ బీద బ్రాహ్మడు, బీద రైతు. పల్లె పిల్ల ఆ కథల్లోకి వెళ్ళాలంటే ముందు తన ఇల్లు మర్చిపోవాలి. మేం మర్చిపోయి చదివాం, ఆనందించాం. ఆనందించలేదంటే అది మరో అబద్ధం అయిద్ది.

మూడోది మా నాన్న తెచ్చినవి. వ్యవసాయ కార్మిక సంఘం మీటింగులకి బెజవాడ వెళ్ళినప్పుడు విశాలాంధ్రలో రష్యా పుస్తకాలు కొనేవాడు. రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల వాళ్ళు మాస్కోలో తెలుగులోనే అచ్చేసి పంపేవాళ్ళు. గట్టి కాగితం, నిండా బొమ్మలు, బీడీకట్టల ధరలో పుస్తకం. తాత, అవ్వ, మనవరాలు, కుక్క, పిల్లి, ఎలుక కలిసి ఒక పెద్ద దుంపను పీకే కథ అందులోనే చూశాను. పెద్ద ఇటుక పొయ్యి, దాని మీదే పక్కేసుకుని పడుకున్న తాత. పొయ్యి మీద మనిషి పడుకోడం చూసి మేం వారం రోజులు నవ్వుకున్నాం. అక్కడివాళ్ళు క్యాబేజీ పులుసు తాగుతారనీ, నల్ల రొట్టె తింటారనీ, చలికి పొయ్యిని కౌగిలించుకుంటారనీ మాకు తెలిసింది. చూడండి విచిత్రం. మూడు సముద్రాల అవతలి కష్టజీవి పొయ్యి మా పల్లెలోకి వచ్చింది గానీ, మా పల్లె పొయ్యి బందరు కాలవ దాటి ఒక్క పుస్తకంలోకి పోలేదు. మా నాన్నకి ఈ మాట చెప్తే కాసేపు ఆలోచించి, "అక్కడ విప్లవం వచ్చింది గదమ్మాయ్" అన్నాడు. 1991 డిసెంబర్లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయినయ్యి. అదే ఏడు ఆగస్టు 6న చుండూరు జరిగింది. మా నాన్న ఆ తర్వాత చాన్నాళ్ళు పుస్తకాల మాటెత్తలేదు.

ఇక పళ్ళెం సంగతి.

నేను చేరిన సెంటర్ బందరు కాలవ వెంబడి ఒక ఊళ్ళో. ఆయా మాదిగ గూడెం ఆమె. ఆమె వండితే పెద్ద వీధుల పిల్లలు తినరని ముందే అందరికీ తెలుసు. ఆ పిల్లలు ఆటలకి వచ్చేవాళ్ళు, అన్నం వేళకి ఎవరో ఒకరొచ్చి తీసుకుపోయేవాళ్ళు. అది నేను ఊహించిందే. ఊహించనిది, మా మాలపల్లె తల్లులు ఇద్దరు కూడా మొదట్లో మొహం చిట్లించడం. "టీచరమ్మా, నువ్వు వండరాదా?" అని మెల్లిగా అడిగారు. దండోరా 1994లో పుట్టింది. ఊరికే పుట్టలేదు. బయటివాడి పొయ్యిని తిట్టేటప్పుడు మన పొయ్యికీ పక్క పొయ్యికీ మధ్య గీసిన గీత కూడా చూసుకోవాలి. అది చూడకుండా రాసిన ఆత్మకథ కూడా సగం చార్టే.

నేనూ ఆయక్కా పిల్లల్ని వంటలో దించాం. మంట దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు. దూరంగా చాప మీద కూచోబెట్టి గోంగూర తుంచమనేవాళ్ళం. ఒకడు ఆకు తుంచుతాడు, ఒకడు కాడ తుంచుతాడు, ఇంకొకడు తుంచిందంతా పక్కపిల్ల నెత్తిన పోస్తాడు. పప్పులో రాళ్ళు ఏరడం, ఉడికిన గుడ్ల పెంకు తియ్యడం. పెంకు తీసేటప్పుడు సగం గుడ్డు పోయేది, పోనీలెమ్మనేది ఆయక్క. పిల్లలు తమ చేత్తో చేసింది తింటారు. పక్కవాడు చేసింది ఇంకా ఇష్టంగా తింటారు. వాళ్ళకి ఎంగిలి తెలుసు, "టీచర్, వీడు నాకి ఇచ్చాడు" అని ఏడుస్తారు. మైల తెలీదు. ఎంగిలి కళ్ళతో చూసి తెలుసుకునేది. మైల ఒకళ్ళు చెప్తే తప్ప తెలిసేది కాదు.

ఒక రోజు పెద్ద వీధి పిల్లాడు, మూడున్నరేళ్ళు ఉంటయ్యి, అందరితోపాటు చాప మీద కూచుండిపోయాడు. మా పల్లె పిల్ల పెంకు తీసి సగం విరిచి ఇచ్చిన గుడ్డు తిన్నాడు. నోరంతా పచ్చసొన. అప్పుడే వాళ్ళ నాయనమ్మ వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బోరింగు దగ్గర వాడి నోరు కడిగింది. లోపల వేలు పెట్టి మరీ కడిగింది. వాడు ఏడుస్తా గుడ్డిచ్చిన పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల తన చేతులు చూసుకుంది. ఇద్దరికీ ఒకే పాఠం, ఒకే నిమిషంలో అందింది. ఒకడికి నోట్లో, ఒకదానికి చేతిలో. ఆ చూపులు నేను మర్చిపోలేదు. నీతి గురించి రాసేవాళ్ళు ఆ పిల్ల సంగతే రాస్తారు, రాయాలి. నేను ఆ పిల్లాడి గురించి కూడా అనుకుంటాను. వాడికి ఎవరూ పేరు పెట్టని ఒక అబద్ధం నేర్పారు. నీకు రుచిగా అనిపించింది రుచి కాదని, నీ నాలుక చెప్పేది నమ్మొద్దని. మా అమ్మ నాకు నేర్పిన అబద్ధం ప్రాణం కాపాడుకునేందుకు. వాడికి నేర్పింది ఎందుకు?

తర్వాత కాలంలో బడి భోజనం వచ్చింది. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశమిచ్చింది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు, వంటమనుషుల్ని పెట్టేటప్పుడు దళితులకీ ఎస్సీ, ఎస్టీలకీ ముందు చోటివ్వాలని చెప్పింది. చట్టం చదివినవాళ్ళు దీన్ని ఉపాధి కింద లెక్కేస్తారు. నాకు మాత్రం, తెడ్డు ఎవరి చేతిలో ఉందో పిల్లలు చూడాలని ఆ జడ్జీలకి అర్థమైనట్టే అనిపించింది. అమలు సంగతి అడక్కండి. ఊరూరికీ ఒక కథ. 2024లో మన రాష్ట్రంలో బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి జిల్లాలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి, గౌరవించాల్సిన మనిషే. అన్నం పెట్టిన చేతిని గుర్తుపెట్టుకునే దేశం ఇది. ఆ అన్నాన్ని నాటిన చేతికి, కోసిన చేతికి, అంట్లు తోమిన చేతికి ఏ పథకానికీ పేరు పెట్టాలని ఎందుకు తోచదో నాకు తెలీదు.

ఇక్కడ మనవాళ్ళు రెండు రకాలుగా నాతో పేచీ పెట్టుకుంటారు.

ఒకటి, విద్యార్థి మిత్రులది. "దాచడమేంటమ్మా? పిల్లలకి చిన్నప్పటినుంచే గట్టిగా చెప్పడం నేర్పాలి, మా తిండి ఇదీ అని." ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న పెద్దకూర పండగ చేశారు. ఆ వార్త చదివి నా కడుపు నిండింది. కానీ ఆ రోజు ఏమైంది? గొడవలు, రాళ్ళు. ఇరవై దాటినవాళ్ళు, సంఘం ఉన్నవాళ్ళు, పక్కన వందమంది ఉన్నవాళ్ళు, వాళ్ళ మీదే రాళ్ళు పడ్డయ్యి. నాలుగేళ్ళ పిల్లకి ఏ సంఘం ఉంది? క్లాసులో ముప్ఫైమంది మధ్య ఒక్కతే లేచి నిలబడి చెప్పమనడం ధైర్యం నేర్పడం కాదు. మన యుద్ధాన్ని దాని చిన్ని భుజాల మీద మొయ్యమనడం. కారంచేడులో 1985 జూలైలో మంచినీళ్ళ చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురునిలిచిన మున్నంగి సువార్తమ్మ పెద్ద మనిషి. తను ఏం చేస్తోందో తెలిసి ఎత్తింది. ఆ తెలివీ ఆ నిర్ణయమూ పిల్లకి వచ్చేదాకా ఆగాలి.

రెండోది, మన ఉద్యోగస్తులది. "చేతికి పుస్తకమివ్వాలి గానీ తెడ్డు ఇస్తారా? తరాల చాకిరీ చాల్దా?" ఈ మాటలో ఉన్న నొప్పి నాకు తెలుసు. అయితే ఒకటి గమనించండి. ఊళ్ళో మా ఆడవాళ్ళ చేత అన్ని చాకిర్లూ చేయించుకున్నారు. పొలం, కళ్ళం, గొడ్లచావిడి. వంటింట్లోకి మాత్రం రానీలేదు. మమ్మల్ని అడ్డుకున్న గడపే అది. వంట చాకిరీ అయ్యేది ఒకళ్ళే వండి ఇంకొకళ్ళే తింటే. నేను తెడ్డు ఆడపిల్లకొక్కదానికే ఇవ్వలేదు, మగపిల్లాడికీ ఇచ్చాను. పుస్తకం తెరిచి బొమ్మలో ఉల్లిపాయ చూపించి, కత్తిపీట నేను పట్టుకుని, పొట్టు వాళ్ళ చేత తీయించి, కళ్ళు మండితే ఎందుకు మండినయ్యో మాట్లాడుకుంటే అది చాకిరీ ఎట్లా అయిద్ది? పుస్తకం ఒక చేత, తెడ్డు ఒక చేత ఉన్న పిల్లే నాకు కావాలి.

ఇప్పుడిప్పుడే మన పొయ్యి ఉన్న పుస్తకాలు కొన్ని వచ్చినయ్యి. 2007లో కంచ ఐలయ్యగారు కుండ చేసేవాళ్ళ, దున్నేవాళ్ళ, తోలు పనివాళ్ళ శ్రమ గురించి పిల్లల కోసం ఇంగ్లీషులో రాస్తే, దుర్గాబాయి వ్యాం అనే గోండు చిత్రకారిణి బొమ్మలు వేసింది. నవయాన వాళ్ళు అచ్చేశారు. 2008లో హైదరాబాదు అన్వేషి వాళ్ళు 'డిఫరెంట్ టేల్స్' అని ఒక వరస తెచ్చారు. ఇంగ్లీషు, తెలుగు, మలయాళం, మూడు భాషల్లో. గోగు శ్యామలగారి కథలు అందులోనే ఉన్నయ్యి. మహమ్మద్ ఖదీర్‌బాబు కథ ఇంగ్లీషులో 'హెడ్ కర్రీ' పేరుతో వచ్చింది. తలకాయ కూర. ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండటమే ఆ పుస్తకం. బెజవాడ పుస్తకాల పండగ అప్పట్లో స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడు ఆ మైదానంలో అంబేద్కర్ విగ్రహం ఉంది, 125 అడుగులది, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ఆ రోజు మా అంగన్‌వాడీ వాళ్ళమంతా జీతాల కోసం సమ్మెలో ఉన్నాం, అది వేరే సంగతి. పుస్తకాల పండగ వేరే చోటికి మారింది. అంత ఎత్తు విగ్రహం కింద పిల్లలు కూచుని చదువుకునే బొమ్మల పుస్తకాల గది ఒకటుంటే ఆయనే ఎక్కువ సంతోషించేవాడని నా నమ్మకం.

మా మనవరాలికి ఇప్పుడు ఐదేళ్ళు. దానికి 'తలకాయ కూర' కథ చెప్పాను. అది అడిగింది నాలుక ఏమైందని. ఆదివారం తెచ్చి చూపిస్తానన్నాను. తెచ్చాను. కొట్టువాడు కాల్చి ఇచ్చినా ఇంట్లో మళ్ళీ మంట మీద పెట్టి గీరాలి. ఆ కమురు వాసనకి ముక్కు మూసుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. అల్లం వెల్లుల్లి చిన్న రోట్లో దానిచేత నూరించాను. కూర ఉడికాక నాలుక ముక్క కావాలని పట్టుబట్టి తింది. తిని, పుస్తకం తెరిచి బొమ్మలో ముక్కని వేలితో పొడిచి, "ఇది నేను తిన్నా" అంది. నాకు తెలిసి మా ఇంట్లో నాలుగు తరాల్లో పుస్తకంలో ఉన్నదీ పళ్ళెంలో ఉన్నదీ ఒకటైన మొదటి రోజు అది.

తర్వాత ఇద్దరం మా సొంత పుస్తకం మొదలుపెట్టాం. పాత క్యాలెండర్ల వెనకవైపు కాగితాలు కత్తిరించి దారంతో కుట్టాను. ఒక్కో పేజీకి ఒక్కో వంట. గోంగూర ఎండు రొయ్యలు, నూకల జావ, నత్తలు, చింతచిగురు. దాక అది ఎప్పుడూ చూడలేదు. నేను గీసి చూపించాను, మూతి పెచ్చుతో సహా. అయిదో పేజీ పెద్దకూర. బొమ్మ వేసి ఎర్రరంగు పూసి, "అమ్మమ్మా, దీని పేరు రాయి" అంది. రాశాను, పెద్ద అక్షరాలతో.

గొడవ అక్కడ వచ్చింది. మా అమ్మాయి బెజవాడలో ఉద్యోగం చేస్తది, ఒక అపార్ట్‌మెంట్లో అద్దెకుంటది. ఇల్లు దొరకడానికి ముందు 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డులున్న ఎన్ని గేట్ల దగ్గర నుంచి తిరిగొచ్చిందో నాకు తెలుసు. "అమ్మా, రేపు ఇది బ్యాగులో పెట్టుకుపోద్ది. టీచర్ చూసిద్ది. పై వాటా పిల్లలు చూస్తారు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే నువ్వొచ్చి వెతుకుతావా?" అంది. కోపంగా కాదు, అలసటగా. అచ్చం మా అమ్మ గొంతు.

దానికి ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో అదే నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది. "నువ్వు చెప్పింది తప్పు కాదు" అన్నాను. నిజంగానే తప్పు కాదు. నిజం చెప్పాల్సిన బాధ్యత ఎవరికి బలముందో వాళ్ళది. పుస్తకం వేసేవాడిది, పాఠం చెప్పేవాడిది, ఇల్లు అద్దెకిచ్చేవాడిది. వాళ్ళు అబద్ధాన్ని గోడకి తగిలించి, ఐదేళ్ళ పిల్లని నిజం చెప్పమనడం న్యాయం కాదు. అందుకని బయట పిల్ల ఊరుకుంటే దోషం లేదు. కానీ ఊరుకోవడానికి ముందు ఒకటి జరగాలి. దాని పేరు దానికి తెలియాలి. ఇంట్లో, గట్టిగా, పొయ్యి దగ్గర, చెయ్యి కారంలో ఉండగా తెలియాలి. ఆ పేరు అమ్మ నోట మామూలుగా రావాలి, గొంతు తగ్గించకుండా. ఆ తర్వాత జాగ్రత్త చెప్పొచ్చు. "అది చెడ్డది, చెప్పకు" అనడం వేరు. "అది మనది, వాళ్ళకింకా తెలివి రాలేదు, నీ ఇష్టమైనప్పుడు చెబుదువులే" అనడం వేరు. రెండు చోట్లా పిల్ల నోరు మూసుకునే ఉంటది. ఒకచోట సిగ్గుతో, ఒకచోట తాళం తన చేతిలో పెట్టుకుని. మా అమ్మ నాకు జాగ్రత్త ముందిచ్చింది, పేరు ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆమెకి నాట్లకీ కోతలకీ మధ్య తీరికేది? దండెం మీద చీర కప్పిన మా నాయనమ్మకి అసలు అట్లాంటి మాటే తెలీదు. నాకు తీరికుంది, అక్షరం ఉంది, నెలనెలా వచ్చే కాస్త జీతం ఉంది. కాబట్టి వరస మార్చగలను.

మా అమ్మాయి ఒప్పుకుందా అంటే పూర్తిగా కాదు. పుస్తకం బడికి పోకూడదంది. సరే అన్నాను. కానీ దాన్ని బీరువాలో దాచనివ్వలేదు. టీవీ పక్కన, దాని మిగతా బొమ్మల పుస్తకాలతోపాటే ఉంది. పోయిన నెల ఇంటి ఓనరుగారి భార్య వచ్చి కూచుంది. పిల్ల ఆ పుస్తకమే తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టింది. మా అమ్మాయి నా మొహం చూసింది. ఆమె మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది, గోంగూర దగ్గర ఆగి బాగుందంది. నాలుగో పేజీ దగ్గర ఫోను మోగి లేచి వెళ్ళింది. అయిదో పేజీ చూస్తే ఏమనేదో ఇప్పటికీ మా ఇంట్లో పందెమే. మా అమ్మాయి ఒక మాటంటది, నేనొక మాటంటాను. పిల్ల మాత్రం ఆమె పూర్తిగా చూడలేదని అలిగింది.

ఆరో పేజీ ఇంకా ఖాళీ. అందులో వంట కాదు, వండినామెని వెయ్యాలంటది, అంటే మా అమ్మని. మా అమ్మకి ఫోటో లేదు. ఓటరు కార్డుకి తీసిన బొమ్మ ఒకటుండేది, అందులో ముసుగు తప్ప ఏమీ కనపడేది కాదు. "ముక్కు ఎట్లా ఉండేది?" అని అడిగింది. నీ ముక్కులాగే అన్నాను. వెళ్ళి అద్దం తెచ్చుకుని కూచుంది.